గోలుకు సాయం చేసినవాళ్లు

ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో పెద్దది ఒక తెలుగు మాట. దాని గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మొన్న వానాకాలంలో నాతో పనిచేసిన ఒక మనిషి పోయాడు, అందుకని రాస్తున్నాను. మీరు కొత్తగా పనిలో చేరినవాళ్లయితే, చేసిన తప్పును పైవాళ్లకు చెప్పాలా, నెమ్మదిగా సర్దేయాలా అని ఎప్పుడో ఒకసారి కుర్చీలో అటూ ఇటూ కదులుతారు. అప్పుడు ఇది పనికిరావచ్చు. పనికిరాకపోయినా ఆ మనిషి ఎలాంటివాడో నలుగురికి తెలుస్తుంది.

పాడేరులో గణాంకాల శాఖలో ఇరవై ఏళ్లకు పైగా చేశాను. ఏ మండలంలో ఎంత వాన పడింది, ఎన్ని ఎకరాల్లో వలిసెలు వేశారు, ఎంత రాగి పండింది, ఇవి రాయడం నా పని. తర్వాత స్వచ్ఛంద విరమణ తీసుకుని అరకులోయ వచ్చేశాను. చర్చి లైబ్రరీలో పుస్తకాలు సర్దుకుంటూ కాలం గడపాలనుకున్నాను. ఆ ఏడాదే విశాఖపట్నంలోని ఒక కంపెనీ అరకులో చిన్న యూనిట్ తెరిచింది. లెక్కలు తెలిసిన పెద్దమనిషి ఒకడు కావాలన్నారు. వెళ్లాను.

పని ఏమిటో విన్నాక ఇంటికి తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. ఆటగాళ్లను వెతుక్కునే విదేశీ క్లబ్బుల తరఫున మా క్లయింటు మంచు మీద ఆడే హాకీ మ్యాచుల వీడియోలు పంపుతారు. మా వాళ్లు వాటిని ఆపి ఆపి చూస్తూ, ఎవరు ఎవరికి అందించారు, ఎక్కడ పోగొట్టుకున్నారు, ఎవరు కొట్టారు అనేవి కంప్యూటర్లో గుర్తు పెట్టాలి. అవి పెద్ద పేరున్న పోటీలు కూడా కావు. ప్రతి దేశంలోనూ పైన ఒక లీగు ఉంటుంది, దాని కింద రెండో శ్రేణి ఒకటి ఉంటుంది. మాకు వచ్చినవన్నీ ఆ రెండో శ్రేణివే. అమెరికా ఖండం నుంచి ఒకటి, యూరప్‌లో ఒక ఉత్తర దేశం నుంచి ఒకటి, తూర్పు ఆసియా నుంచి ఒకటి. ఈ మూడింటిలో ఏ లీగు నాణ్యత ఎంతో తేల్చాలి.

ఎప్పుడూ ఒకరితో ఒకరు ఆడని జట్లను ఎలా పోలుస్తాం? మా వాళ్లకు నేను చెప్పిన ఉదాహరణ ఇది. అరకు కాలేజీలో ఎనభై మార్కులు గొప్పా, విశాఖ కాలేజీలో ఎనభై గొప్పా? ఇక్కడ చదివి అక్కడికి వెళ్లినవాడికి అక్కడ ఎన్ని వచ్చాయో చూడాలి. ఒక లీగు నుంచి ఇంకో లీగుకు మారిన ఆటగాళ్లను అలాగే చూస్తాం. అలాంటివాళ్లు కొద్దిమందే ఉంటారు కాబట్టి, మిగిలినది మనం పెట్టిన గుర్తుల మీద ఆధారపడుతుంది.

మార్కెట్ వీధి వెనక ఒక మేడ మీద మా యూనిట్ ఉండేది. కింద విజయనగరం నుంచి వచ్చి స్థిరపడిన ఒకాయన ప్లాస్టిక్ కుర్చీలు, బకెట్లు అమ్మేవాడు. మేడ మీద లీగుకొకటి చొప్పున మూడు బల్లలు, ఎనిమిది మంది కుర్రవాళ్లు, ఆడపిల్లలు. వాళ్లలో ఒక్కరూ ఫ్రిజ్‌లో తప్ప మంచుగడ్డ చూసినవాళ్లు కారు. డిసెంబరు పొగమంచులో కిటికీలు మూసుకుని, దుప్పట్లు కప్పుకుని ఆ ఆట చూసేవాళ్లు. చూస్తే ఇంకా చలేస్తోందని ఒకరు, ఇదేం ఉద్యోగమని ఇంట్లో నవ్వుతున్నారని ఇంకొకరు. ఆటలో బంతి ఉండదు, నల్లటి చిన్న చక్రం ఉంటుంది. దాన్ని మా వాళ్లు బిళ్ల అన్నారు. చివరికి నేనూ బిళ్ల అనే అన్నాను.

మొదటి వారంలో ఒకరోజు ఆసియా బల్ల దగ్గర కూర్చునే పిల్ల వీడియో ఆపి, "సార్, ఈడు పడిపోనాడు. పడిపోనాడని రాయాలా?" అని అడిగింది.

నా వెనక నుంచి జవాబు వచ్చింది. "ఆడు పడలేదే గుంటా. ఒరిగాడు. బిళ్లకి అడ్డంగా ఒరిగాడు. అదొక పని."

ఆ మాటన్నది జనరేటర్ చూసుకోవడానికి, కాపలాకు మేం పెట్టుకున్న మనిషి. పెదబయలు దగ్గర పల్లె ఆయనది. సైన్యంలో చేసి పింఛను మీద వచ్చాడు. అందరూ మిలట్రీ అనేవారు, పిల్లలు మిలట్రీ మావ అనేవారు.

"మీకెలా తెలుసు?" అన్నాను.

"లడక్‌లో మూడు చలికాలాలున్నాను సార్. అక్కడ చెరువు గడ్డ కట్టేత్తాది. మా వోళ్లు కర్రలట్టుకుని ఆడీవోరు. నన్నూ దింపారు."

"బాగా ఆడేవారా?"

"పడీవోణ్ణి," అన్నాడు. "అందుకే ఏది పడడమో, ఏది ఒరగడమో తెలుసు."

ఆ రోజు నుంచి జనరేటర్ నడవనప్పుడల్లా ఆయన కుర్చీల వెనకే నిలబడేవాడు. నెలలోపే కుర్చీ వేయించాను. ఆయనకు కంప్యూటర్ రాదు, చూడడం వచ్చు. లీగులను పోల్చడానికి ఆయన సొంత పద్ధతి ఒకటి ఉండేది. ఈ ఆటలో ఆటగాళ్లు ముప్పావు నిమిషానికోసారి బయటికి వచ్చేస్తారు, బెంచీ మీదివాళ్లు లోపలికి దూకుతారు. ఆట ఆగదు, ఆటగాళ్లే మారిపోతుంటారు.

"గోలు సూడకండి సార్. గోలు ఎవుడైనా కొడతాడు. పహరా మారీటప్పుడు సూడండి. ఎల్లీవోడు ఎల్లకముందే ఒచ్చీవోడు సిద్ధంగా ఉన్నాడా, మద్దిలో ఖాళీ ఉండిపోతందా? మంచి పటాలం అక్కడే తెలుస్తాది."

ఆయన మాట పట్టుకుని నేను ఒక కాలమ్ అదనంగా పెట్టాను. తర్వాత క్లయింటు వాళ్లకు అన్నింటికన్నా నచ్చిన కాలమ్ అదే. గణాంకాల శాఖలో ఇన్నేళ్లు చేసి నేను ఆలోచించలేకపోయినది, చెరువు మీద పడుతూ లేస్తూ ఆడిన మనిషి ఆలోచించాడు.

ఇప్పుడు నా మాట సంగతి.

క్లయింటు ఇంగ్లీషులో ఒక పుస్తకం పంపారు. ఏ గుర్తు ఎప్పుడు పెట్టాలో అందులో ఉంది. అమెరికా బల్ల, యూరప్ బల్ల మీద కూర్చున్నవాళ్లు టౌన్లో ఇంగ్లీషు మీడియం చదివినవాళ్లు. ఆ పుస్తకంతోనే పని నేర్చుకున్నారు. ఆసియా బల్ల మీది ముగ్గురూ పెదబయలు వైపు ఆశ్రమ పాఠశాలల్లో తెలుగు మీడియం చదివినవాళ్లు. వాళ్ల కోసం నేను పుస్తకాన్ని తెలుగు చేశాను. చక్కగా, చిన్న వాక్యాల్లో చేశాననుకున్నాను. గోలు పడినప్పుడు తెర మీద ఐదు గళ్లు వస్తాయి, జట్టులో గోలు కాసే గోలీ కాక ఐదుగురుంటారు కాబట్టి. గోలుకు ముందు బిళ్ల ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో, ఆఖరి ఇద్దరి గళ్లు మాత్రమే నింపాలని ఇంగ్లీషులో మూడు వాక్యాలున్నాయి. ఆ మూడింటినీ నేను ఒకటి చేశాను. "గోలుకు సాయం చేసినవాళ్ల గళ్లు నింపాలి."

రెండు నెలలు గడిచాయి. ప్రతి వారం మూడు బల్లల పనీ నేనే సరిచూసేవాణ్ణి. కూడిక సరిగ్గా ఉందా అని చూశాను. అంకె ఎలా వచ్చిందో చూడలేదు. జట్టుగా ఆడడంలో ఆసియా లీగు మిగతా రెండింటినీ దాటిపోయింది. ఇది ఎవరూ ఊహించలేదని విశాఖలో మా మేనేజరు సంతోషపడ్డాడు. నేనూ కొంచెం గర్వపడ్డాను. రిపోర్టు వెళ్లింది. అది చూసి ఆ ఉత్తర దేశపు క్లబ్బు ఒకటి, మా ఆసియా జాబితాలో అందరికన్నా పైనున్న ముప్పై ఒక్కేళ్ల ఆటగాణ్ణి తమ జట్టులోకి పిలవాలనుకుంది. వచ్చే శుక్రవారం వీడియో కాల్‌లో మాతో ఆఖరిసారి మాట్లాడి నిర్ణయిస్తామన్నారు. మా యూనిట్‌ను కొనసాగించే ఒప్పందం కూడా ఆ కాల్ మీదే ఆధారపడి ఉంది.

మంగళవారం ఊరికే ఆసియా బల్ల వెనక నిలబడ్డాను. ఒక గోలు పడింది. ఆ పిల్ల టకటకా ఐదు గళ్లూ నింపేసింది.

"అమ్మా, ఇతను బిళ్ల ముట్టుకోలేదు కదా?"

"ముట్టుకోనేదు సార్. గోలీకి అడ్డంగా నిలబడ్డాడు. గోలీకి కనబడనేదు. ఈడు నేకపోతే గోలేటి?"

"ఇతను?"

"మూలకెల్లి ఇద్దర్ని తోలుకొచ్చాడు. ఆలిద్దరూ ఈడెనకే ఒచ్చీసారు."

"మరి ఈయన? వెనక ఖాళీగా ఉన్నాడు."

"ఎనక కాపుకాసాడు సార్. అందుకే ముందున్నోళ్లు దైర్యంగా ఎల్లారు." నా మొహం చూసి గొంతు తగ్గించింది. "మీరు సాయం సేసినోళ్లు అని రాసారు కదా సార్."

పక్కనున్న కుర్రాడు ఆమెకు వత్తాసు వచ్చాడు. "ఇటుకల పండగ ఏటలో మా ఊళ్లో మాంసం వాటాలు ఈళ్ల తాతే ఏసీవోడు సార్. ఇప్పుడంటే ఫారెస్టోళ్లు ఊరుకోరు గాని, అప్పుడు ఏటకెల్లొస్తే బాణమేసినోడికీ వాటాయే, తోలినోడికీ వాటాయే, కొండెక్కి కేకేసినోడికీ వాటాయే."

"కుక్కకీ ఉండీది," అంది ఆ పిల్ల.

ఆ ఆటలో కుక్కలు లేకపోవడం మా అదృష్టం. నా గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. అమెరికా బల్ల గోలుకు ఇద్దరిని రాస్తోంది, యూరప్ బల్ల ఇద్దరిని రాస్తోంది. ఆసియా బల్ల ఊరందరినీ రాస్తోంది. నేను పోల్చినవి మూడు లీగులు కావు, సాయం అనే మాటకు రెండు అర్థాలు. నిజం చెప్పాలంటే ఆ పిల్లల అర్థమే సరైనదని ఇప్పటికీ నాకనిపిస్తుంది. కానీ ఒక బల్ల మీద ఒక కొలత, పక్క బల్ల మీద ఇంకో కొలత ఉండకూడదు. అది చూడాల్సినవాణ్ణి నేను.

మేనేజరుకు ఫోన్ చేశాను. రెండు నెలల అంకెలు తప్పని చెప్పాను. ఆయన మెల్లగా, దయగానే చెప్పాడు. "శుక్రవారం రెన్యువల్ ఉంది సార్. ఇప్పుడు తప్పంటే సెంటర్ ఎత్తేస్తారు. ఆ ఎనిమిది మందీ ఘాట్ దిగి విశాఖలో గదులు వెతుక్కోవాలి. వచ్చే నెల నుంచి కొంచెం కొంచెంగా సరిచేసుకుంటూ రండి. ఎవరికీ తెలీదు."

సరే అన్నాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఒక్కసారి కూడా ఎదురు చెప్పకుండా సరే అన్నాను.

శుక్రవారం కాల్‌లో మిలట్రీని కూడా కూర్చోబెట్టాలని ముందే అనుకున్నాం, మంచు చూసిన మనిషి మా దగ్గర ఉన్నాడని చూపించడానికి. అందుకని బుధవారం ఆయనకు సంగతంతా చెప్పాను. ఆయన విని, జనరేటర్‌లో డీజిల్ పోయడానికి వెళ్లిపోయాడు. గురువారం టీ తాగేటప్పుడు నా పక్కన కూర్చున్నాడు.

"ఒక చలికాలం నాకు ఒక దారి చూసి రమ్మని డ్యూటీ ఏసారు సార్. గాలి ఎక్కువుంది. సగం దూరం ఎల్లి ఒచ్చేసి, అంతా బాగుందని పుస్తకంలో రాసేసాను. నా తరవాత ఎల్లినోడు నా రాత నమ్ముకుని ఎల్లాడు. మంచులో ఇరుక్కున్నాడు. కాలివేళ్లు రెండు తీసేసారు."

"ఎవరికైనా చెప్పారా?"

"నేదు. ఇప్పటికీ దసరాకి ఫోను సేత్తాడు. పిల్లలెలాగున్నారంటాడు. ఆ కాలివేళ్ల మాట మాత్రం ఎత్తడు." టీ గ్లాసు కిందపెట్టాడు. "ఎత్తితే బాగుణ్ను."

నాకు ఏం చేయమనీ చెప్పలేదు. గ్లాసు కడిగి పెట్టి వెళ్లిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం తెర మీద ఆ క్లబ్బు విశ్లేషకురాలు కనిపించింది. ఆవిడ వెనక కిటికీలోంచి మంచు కనిపిస్తోంది. మర్యాదగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఇంకో గడిలో విశాఖ నుంచి మా మేనేజరు. మొదట మిలట్రీని పలకరించింది. పహరా మారే కాలమ్ ఆయన ఆలోచన అని చెబితే సంతోషించింది. తర్వాత ఆ ఆసియా ఆటగాడి మాట తీసింది. అతను వస్తానన్నాడట. ఇంకొకరిని కూడా చూస్తున్నారట గానీ, సాయంలో ఇతని అంకె చాలా ఎక్కువట. ఈ అంకె మీద మీకు నమ్మకం ఉందా అని అడిగింది.

నేను గొంతు సవరించుకున్నాను. నమ్మకం ఉందనే వాక్యం ఇంగ్లీషులో తయారుగా పెట్టుకున్నాను కూడా.

మిలట్రీ నా వైపు తిరిగి, కెమెరా ముందే తెలుగులో అడిగాడు. "మీరు సెప్తారా సార్, నన్ను సెప్పమంటారా?"

మేనేజరు గడిలో మొహం కదలలేదు. ఆవిడ, ఆయన ఏమన్నారని అడిగింది.

నేను చెప్పాను. పుస్తకాన్ని తెలుగు చేసింది నేననీ, మూడు వాక్యాలను ఒకటి చేశాననీ, ఆసియా బల్ల వాళ్లు నేను రాసినట్టే చేశారనీ, వాళ్ల తప్పేమీ లేదనీ. వేట వాటాల సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది, లేకపోతే ఐదు గళ్లు ఎందుకు నిండాయో అర్థం కాదు. ఆవిడ నవ్వలేదు. కోప్పడనూ లేదు. కాగితం మీద ఏదో రాసుకుంది.

"అయితే అతని అసలు అంకె ఎంత?"

"తెలియదు," అన్నాను. "రెండు నెలల మ్యాచులు మళ్లీ చూడాలి. మూడు వారాలు పడుతుంది."

సోమవారమే నిర్ణయం తీసుకోవాలని ఆవిడ చెప్పింది. అంటే ఇక అతన్ని తీసుకోరని అందరికీ అర్థమైంది. చెప్పినందుకు థాంక్స్ అని కాల్ ముగించింది. తర్వాత మేనేజరు ఫోన్లో అన్నవి ఇక్కడ రాయను. ఆయన మంచివాడే, ఆ రోజు ఆయన చోట నేనుంటే నేనూ అవే అనేవాణ్ణి.

నేను బయటికి వచ్చేసరికి ఎనిమిది మందీ నిలబడి ఉన్నారు. తలుపు పల్చనిది. ఆసియా బల్ల పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మావల్ల సెంటరు పోతాదా సార్?"

"పోతే నావల్ల పోతుందమ్మా."

"పోతే అప్పుడు ఏడుద్దురు గాని," అన్నాడు మిలట్రీ. "ముందు మొదటి మ్యాచీ తియ్యే. బేగి."

ఆ మూడు వారాలు నా ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన రోజులు. ఎవరూ పిలవకుండానే అందరూ గంట ముందే వచ్చేవారు. కింది కుర్చీల కొట్టాయన కొడుకు అమెరికా బల్ల మనిషి, అతనూ తన పని అయ్యాక వచ్చి ఆసియా బల్ల దగ్గర కూర్చునేవాడు. గోలుకు మూడేసి గళ్లు చెరపాలి. ఆ పిల్లకు అది కష్టంగా ఉండేది. చెరిపే ముందు ప్రతివాడికీ చెప్పేది.

"నీ వాటా తీసేత్తన్నాను నాయినా. ఏటనుకోకు."

"ఆడికి తెలుగొచ్చేటే?" అన్నాడు కొట్టాయన కొడుకు.

"నీకొచ్చు కదా. నువ్వు సెప్పు ఆడికి ఇంగ్లీసులో."

అతను నిజంగానే తెర వైపు వంగి ఇంగ్లీషులో క్షమాపణ చెప్పాడు. ఆ తర్వాత అది అలవాటైపోయింది. ఆమె తెలుగులో, అతను ఇంగ్లీషులో. మిలట్రీ వెనక నుంచి హిందీలో కూడా చెప్పేవాడు.

మూడు వారాలకు ఆసియా లీగు మూడో స్థానానికి దిగింది, నేను భయపడినంత దూరంగా మాత్రం లేదు. మొదటి స్థానం ఏ కాలమ్‌ను నమ్ముతామన్న దాన్ని బట్టి అమెరికాకో యూరప్‌కో వెళ్తుంది. మేం చూసిన మ్యాచుల వరకే ఈ పోలిక చెల్లుతుందని ఈసారి మొదటి పేజీలోనే రాశాను. ఆ ఆటగాడు జాబితాలో నడిమికి వచ్చాడు. క్లబ్బు అప్పటికే ఇంకొకరిని తీసుకుంది.

మా యూనిట్‌ను ఆ సీజన్ ఆఖరి వరకు ఉంచారు. ఆ తర్వాత ఉంచలేదు. నా తప్పు వల్లో, నేను చెప్పినందువల్లో, రెండూ కాక ఇంకేదైనా కారణమో ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల ఇప్పుడు కాఫీ గింజలు కొనే సంస్థలో నాణ్యత చూస్తోంది. ఇద్దరు ఘాట్ దిగారు. మిగతావాళ్లు ఇక్కడే ఏదో ఒకటి చేసుకుంటున్నారు. చెప్పకపోయి ఉంటే సెంటరు ఇంకో ఏడాది నడిచేదేమో. ఇలా రాస్తే మీకు నీతి ఏమీ మిగలదని నాకు తెలుసు.

మొన్న ఆషాఢంలో మిలట్రీని పాడేరు ఆసుపత్రిలో చేర్చారని తెలిసి జీపులో వెళ్లాను. చిక్కిపోయాడు. ఊపిరి కష్టంగా ఉంది. పిల్లల గురించి ఒక్కొక్కరినీ పేరుపేరునా అడిగాడు. తర్వాత అన్నాడు.

"ఆ ఆసియా కుర్రోడు ఏటయ్యాడు సార్?"

నేను ఎప్పుడూ వెతకలేదు. ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

"సెప్పినందుకు బాద కాదు నాకు," అన్నాడు. "సెప్పడం సెప్పాల్సిందే. దానివల్ల అవకాశం పోయినోడు ఏటయ్యాడో సూడాలి కదా. ఆడికి మనం తెలీనైనా తెలీదు."

మంచం పక్కనే ఫోన్ తీశాను. సిగ్నల్ కోసం కిటికీ దగ్గరికి వెళ్లి, వచ్చి, మళ్లీ వెళ్లాను. వాళ్ల లిపి నాకు రాదు, జట్టు గుర్తు పట్టుకుని వెతికాను. దొరికాడు. అదే జట్టు, అదే చొక్కా అంకె. మనిషి కొంచెం లావయ్యాడు. మ్యాచ్ తర్వాత మంచు మీద తీసిన ఫోటో అది. చంకలో రెండేళ్ల పాప ఉంది, పాప నెత్తిన అతని హెల్మెట్ ఉంది.

మిలట్రీ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఉన్న ఊళ్లోనే ఉండిపోయాడు," అన్నాడు. "బాగున్నాడంటారా?"

"తెలియదు," అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు దగ్గొచ్చింది, దగ్గు తగ్గేదాకా ఆగి ఫోన్ నాకు తిరిగిచ్చాడు.

"తెలీదని బేగి సెప్పీడం నేర్చుకున్నారు సార్."